పాత సాస్ సాఫ్ట్‌వేర్, కస్టమర్లందరికీ ఒకే డేటాబేస్: లోడ్ పెరిగినప్పుడు ఏది ముందు, ఏది తర్వాత

ఎప్పుడో ఒక చిన్న టీమ్ రాసిన సాస్ సాఫ్ట్‌వేర్, అంటే నెట్ ద్వారా చందాకు ఇచ్చేది. కస్టమర్లందరి డేటా ఒకే డేటాబేస్‌లో, అవే టేబుళ్లలో. ఒకరి డేటాకూ ఇంకొకరి డేటాకూ మధ్య అడ్డు టెనెంట్ ఐడీ అనే ఒక్క కాలమే. టెనెంట్ అంటే ఇక్కడ ఒక కస్టమర్. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఇలాంటి ప్రొడక్టుల మీద పనిచేసేవాళ్లు తరచూ అడిగేది ఒకటే: కస్టమర్లు పెరిగారు, సిస్టమ్ మొరాయిస్తోంది, మొత్తం మళ్లీ రాయాలా, మైక్రోసర్వీసులుగా (విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములుగా) విడగొట్టాలా అని.

నా మటుకు రెండూ ఇప్పుడు వద్దంటాను. ముందు పెట్టుకోవాల్సిన లక్ష్యం చిన్నది: ఏ కస్టమర్‌నైనా ఒక డేటాబేస్ నుంచి ఇంకో డేటాబేస్‌కు, వాళ్ల పని చెడకుండా తరలించగలగాలి. ఆ సత్తా వచ్చాక ఎన్ని డేటాబేస్‌లు కావాలన్నది డబ్బు లెక్కే. కింద ఉన్న వరుస అంతా దాని కోసమే.

ఉదాహరణకు ఒక జీఎస్టీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అనుకుందాం. బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాలు, కోఠి మెడికల్ డిస్ట్రిబ్యూటర్లు, నాలుగైదు పెద్ద చైన్ స్టోర్లు వాడుతున్నాయి. వివరాలు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ప్రకారం రాశాను. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో తేడా ఉన్న చోట అక్కడే చెప్పాను.

1. మొదలుపెట్టే ముందు

కోడ్ ముట్టుకోకముందే ఇవి చేతిలో ఉండాలి:

- ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్) సైజులోనే ఉన్న స్టేజింగ్ (పరీక్షల కోసం పెట్టిన) కాపీ. పేర్లు, ఫోన్ నంబర్లు, జీఎస్టీ నంబర్లు మార్చేసి ఉండాలి. పది వేల వరుసల టెస్ట్ డేటా మీద ఏ క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) అయినా పరిగెడుతుంది.
- నిజంగా రిస్టోర్ చేసి చూసిన బ్యాకప్, దానికి ఎంతసేపు పట్టిందో రాసిన కాగితం.
- అతి పెద్ద 20 టేబుళ్ల జాబితా, వాటి సైజులు.
- టెనెంట్ ఐడీ లేని టేబుళ్ల జాబితా. పాత కోడ్‌లో ఇన్‌వాయిస్ టేబుల్‌కు అది ఉంటుంది గానీ, ఇన్‌వాయిస్ లైన్ల టేబుల్‌కు ఉండదు. తరలింపు దగ్గర పీకలమీదికి వచ్చేది ఇదే.
- 32 బిట్ ఇంటీజర్ ప్రైమరీ కీలు (ప్రతి వరుసను గుర్తించే నంబర్లు) ఉన్న టేబుళ్లు. వాటి హద్దు 214 కోట్ల 74 లక్షల చిల్లర. సగం దాటిన టేబుల్ ఏదైనా ఉంటే దాన్ని 64 బిట్ బిగ్‌ఇంట్‌కు మార్చే పని ముందు పెట్టుకోండి.
- క్యాలెండర్. నెలవారీ జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1కు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీకి 20వ తేదీ గడువు. ఆ తేదీలకు ముందు రెండు రోజులు ఏ మార్పూ వద్దు.

అమెరికా కస్టమర్లు కూడా ఉంటే 'రాత్రి చేసేద్దాం' కుదరదు. మన రాత్రి ఎనిమిదిన్నరకు న్యూయార్క్‌లో ఆఫీసు పని జోరు మీద ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం మనవాళ్లు భోజనాల దగ్గరుంటారు, వాళ్లకింకా శనివారం రాత్రి తెల్లవారదు. ఎక్కువ టీములకు దొరికే ఖాళీ అదే.

2. లోడ్ ఎవరి వల్ల పడుతోందో తేల్చుకోండి

పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్ ఆన్ చేస్తే ఏ క్వెరీ ఎక్కువ సమయం తింటోందో తెలుస్తుంది. ఎవరి క్వెరీ అన్నది మాత్రం చెప్పదు. విలువలు తీసేసి, ఒకే ఆకారంలో ఉన్న క్వెరీలన్నీ ఒకే పద్దు కింద వేస్తుంది. క్వెరీలో కామెంట్‌గా టెనెంట్ ఐడీ రాసినా, పద్దులు విడదీయడానికి దాన్ని పట్టించుకోదు.

అందుకే రెండు పనులు మీరే చేయాలి. ఒకటి, ప్రతి రిక్వెస్ట్‌కు టెనెంట్ ఐడీ, పేజీ, డేటాబేస్‌లో గడిచిన సమయం, వచ్చిన వరుసల సంఖ్య యాప్ లాగ్‌లో రాయించండి. రెండు, క్వెరీ కామెంట్‌లో టెనెంట్ ఐడీ పెట్టండి. స్లో క్వెరీ లాగ్‌లో అది కనిపిస్తుంది. 11వ తేదీ కలిసేలా కనీసం ఒక వారం పోగేసి, టెనెంట్ వారీగా కూడండి.

ఇది ఎందుకు ముఖ్యమో చూడండి. 11వ తేదీ సాయంత్రం సపోర్ట్ నుంచి ఫోన్ వస్తుంది: "అన్నా, కోఠి పార్టీకి బిల్లు ఓపెన్ అయితలేదంట." వెంటనే అందరూ బిల్లు స్క్రీన్ కోడ్ తెరుస్తారు. కోఠి పార్టీ బిల్లులో ఏ లోపమూ ఉండదు. అదే సమయంలో ఒక చైన్ స్టోర్ అకౌంటెంట్ మూడేళ్ల సేల్స్ రిజిస్టర్‌ను ఎక్సెల్‌కు ఎక్స్‌పోర్ట్ కొట్టి ఉంటాడు. స్క్రీన్ కదలకపోయేసరికి మళ్లీ నొక్కుతాడు, ఇంకోసారి నొక్కుతాడు, చివరికి ట్యాబ్ మూసేసి టీకి పోతాడు. అతను పోయినా ఆ మూడు క్వెరీలూ డేటాబేస్‌లో నడుస్తూనే ఉంటాయి.

దీనికి చేయాల్సినవి:

- డేటాబేస్ యూజర్లను విడదీయండి: స్క్రీన్లకు ఒకరు, రిపోర్టులకు ఒకరు, బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లకు ఒకరు. స్క్రీన్ల యూజర్‌కు స్టేట్‌మెంట్ టైమవుట్ (క్వెరీ ఇంతసేపు దాటితే ఆపేసే గడువు) 15 సెకన్లు, రిపోర్టులకు 5 నిమిషాలతో మొదలుపెట్టి, మీ అంకెలు చూసి సర్దుకోండి.
- ఎక్స్‌పోర్ట్‌లన్నీ క్యూలోకి పంపండి. ఒక టెనెంట్‌కు ఒక సమయంలో ఒక్కటే. రెండోసారి నొక్కితే 'మీ ఫైల్ తయారవుతోంది' అని చూపిస్తే చాలు.
- టెనెంట్ వారీగా రిక్వెస్టులకు పరిమితి పెట్టండి. ఏపీఐ (తమ ప్రోగ్రాములతో నేరుగా డేటా తీసుకునే దారి) వాడే కస్టమర్లతో మొదలుపెట్టండి.

3. కనెక్షన్ల లెక్క

కాగితం మీద వేయండి. 12 యాప్ సర్వర్లు, ఒక్కోదానిలో 4 ప్రాసెస్‌లు, ఒక్కో ప్రాసెస్‌కు 10 కనెక్షన్ల పూల్ (తెరిచి ఉంచిన కనెక్షన్ల కట్ట) అంటే 480. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ హద్దు 100, మైఎస్‌క్యూఎల్‌ది 151. కొత్తగా రెండు సర్వర్లు పెట్టిన రోజే డేటాబేస్ పడిపోయిందంటే కారణం చాలాసార్లు ఈ గుణకారంలోనే ఉంటుంది.

సాధారణంగా జరిగే తప్పు: హద్దును 2,000కు పెంచేయడం. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్ ఒక ప్రత్యేక ప్రాసెస్. మెమరీ, సీపీయూ వాటికే సరిపోతాయి.

సరైన మార్గం: మధ్యలో పీజీబౌన్సర్ (కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే ప్రోగ్రామ్), ట్రాన్సాక్షన్ మోడ్‌లో, అంటే ఒక్కో ట్రాన్సాక్షన్ (కలిసి పూర్తయ్యే రాతల గుంపు) అయ్యేదాకానే కనెక్షన్ ఇచ్చేలా. అయితే ఆ మోడ్‌లో కొన్ని పాత అలవాట్లు పనిచేయవు: సెషన్ అంతటికీ వర్తించే సెట్ కమాండ్లు, సెషన్ అడ్వైజరీ లాక్‌లు, లిజన్, ట్రాన్సాక్షన్ దాటి బతకాల్సిన టెంపరరీ టేబుళ్లు. కోడ్‌లో వీటిని వెతికి, సరిచేశాకే మారండి. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లతో (ముందే సిద్ధం చేసి, విలువలు మార్చి వాడే క్వెరీలతో) ఇబ్బంది వస్తే మీ పీజీబౌన్సర్ వర్షన్ చూడండి. 2023లో వచ్చిన 1.21 నుంచి వాటికి ఈ మోడ్‌లోనూ సపోర్ట్ ఉంది.

ఇంకొకటి, మన దగ్గర ఎక్కువగా కనిపించేది. ఇన్‌వాయిస్ సేవ్ చేసే ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచి, అందులోంచే ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌కో పేమెంట్ గేట్‌వేకో కాల్ చేస్తారు. గడువు రోజు అవతలి వైపు నెమ్మదిస్తే ఒక్కో కనెక్షన్ 30 సెకన్లు ఊరికే పట్టుకుని కూర్చుంటుంది, పూల్ ఖాళీ అవుతుంది. ముందు కమిట్ చేసి ట్రాన్సాక్షన్ ముగించండి, తర్వాత బయటి కాల్, వచ్చిన జవాబును ఇంకో ట్రాన్సాక్షన్‌లో రాయండి. ఖాళీగా తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్లకు టైమవుట్ కూడా పెట్టండి.

4. క్వెరీలు, ఇండెక్స్‌లు

ఉమ్మడి టేబుల్‌లో దాదాపు ప్రతి ఇండెక్స్‌కూ (త్వరగా వెతకడానికి కట్టే సూచికకూ) మొదటి కాలమ్ టెనెంట్ ఐడీ అయి ఉండాలి. తేదీ మీద మాత్రమే ఇండెక్స్ ఉంటే, బేగంబజార్‌లో ఒక దుకాణం ఈ నెల బిల్లులు అడిగినప్పుడు డేటాబేస్ అందరి ఈ నెల బిల్లులూ తిరగేసి ఆ దుకాణానివి ఏరుతుంది. టెనెంట్ ఐడీ, తేదీ, ఐడీ ఈ వరుసలో ఉంటే నేరుగా అక్కడికే వెళ్తుంది. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో (దాని మామూలు స్టోరేజ్ ఇంజిన్‌లో) ప్రైమరీ కీనే టెనెంట్ ఐడీతో మొదలుపెడితే ఒక కస్టమర్ వరుసలన్నీ డిస్క్ మీద దగ్గరదగ్గరగా ఉంటాయి.

కొత్త ఇండెక్స్‌ను కంకరెంట్లీ అనే మాటతోనే కట్టండి, లేకపోతే అది పూర్తయ్యేదాకా రాతలు ఆగుతాయి. ఇది ట్రాన్సాక్షన్ లోపల నడవదు కాబట్టి మైగ్రేషన్ టూల్‌లో (టేబుళ్ల నిర్మాణం మార్చే ఫైళ్లను నడిపేదానిలో) ఆ ఒక్క ఫైల్‌కు ట్రాన్సాక్షన్ తీసేయాలి. మధ్యలో ఫెయిలైతే చెల్లని ఇండెక్స్ ఒకటి మిగులుతుంది. దాన్ని తీసేసి మళ్లీ కట్టండి. వదిలేస్తే చదవడానికి పనికిరాదు, రాసేటప్పుడు మాత్రం బరువు.

తర్వాతిది చిక్కు సమస్య. ఒకే క్వెరీ చిన్న కస్టమర్‌కు మెరుపులా, పెద్ద కస్టమర్‌కు నత్తలా నడుస్తుంది. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ మొదటి ఐదుసార్లు ఇచ్చిన విలువలకు తగ్గ ప్లాన్‌తో (డేటా వెతికే దారితో) నడుస్తుంది. ఆ తర్వాత ఖర్చు దాదాపు సమానమనిపిస్తే పోస్ట్‌గ్రెస్ అందరికీ ఒకే ప్లాన్‌కు మారిపోవచ్చు. 200 బిల్లులున్న దుకాణానికీ 2 కోట్ల బిల్లులున్న చైన్‌కూ ఒకే ప్లాన్ నప్పదు. పోస్ట్‌గ్రెస్ 12 నుంచి ప్లాన్ క్యాష్ మోడ్ సెట్టింగ్ ఉంది. రిపోర్టుల యూజర్‌కు దాన్ని ఫోర్స్ కస్టమ్ ప్లాన్ అని పెట్టండి. టెనెంట్ ఐడీ కాలమ్‌కు స్టాటిస్టిక్స్ టార్గెట్‌ను (డేటా తీరును ఎంత వివరంగా పోగేయాలో చెప్పే అంకెను) డిఫాల్ట్ 100 నుంచి పెంచి, అనలైజ్ నడపడం కూడా మేలు చేస్తుంది.

ఆటోవాక్యూమ్ (మార్చాక, తొలగించాక మిగిలే చచ్చిన వరుసలను ఏరేసే పని) గురించి ఎవరూ అడగరు, చాలా టేబుళ్ల జబ్బు మాత్రం అదే. డిఫాల్ట్‌గా ఇది టేబుల్‌లో సుమారు 20 శాతం వరుసలు చచ్చాకే కదులుతుంది. 50 కోట్ల వరుసల టేబుల్‌లో అంటే 10 కోట్ల మృత వరుసలు పేరుకోవాలి. పెద్ద టేబుళ్లకు విడిగా ఆ 20 శాతాన్ని నిర్ణయించే స్కేల్ ఫ్యాక్టర్‌ను 0.01కు తగ్గించండి.

పేజీలు తిప్పే చోట ఆఫ్‌సెట్ తీసేయండి. 5,000వ పేజీ కోసం ముందున్న పేజీలన్నీ చదివి పారేయడమే అది చేసే పని. చివరగా చూసిన తేదీ, ఐడీ పట్టుకుని అక్కడి నుంచి అడిగే పద్ధతికి మారండి.

5. జాబ్‌లను చెదరగొట్టండి

అన్ని టెనెంట్ల రిమైండర్లు, లెడ్జర్ లెక్కలు సరిగ్గా 12 గంటలకే మొదలవుతుంటే మూలిగే నక్క మీద తాటికాయే. టెనెంట్ ఐడీ నుంచి ఒక హ్యాష్ (ఐడీతో లెక్కగట్టే అంకె) తీసి, జాబ్‌లను మూడు నాలుగు గంటల మీద పరచండి. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే దాని అర్ధరాత్రి మనకు ఉదయం 5:30 అని గుర్తుంచుకోండి. అమెరికాలో అది పడమటి తీరం పనిగంటల చివర.

6. రీడ్ రెప్లికా

రీడ్ రెప్లికా అంటే అసలు డేటాబేస్ (ప్రైమరీ) వెనకే నడిచే, చదవడానికి మాత్రమే ఉన్న కాపీ. రిపోర్టులకు, ఎక్స్‌పోర్ట్‌లకు మంచిది. ఇప్పుడే సేవ్ చేసిన బిల్లును రెప్లికా నుంచి చదివితే మాత్రం ఒక్కోసారి కనిపించదు, కస్టమర్ ఇంకోసారి ఎంట్రీ వేస్తాడు. రాసిన యూజర్‌ను కొన్ని సెకన్లపాటు ప్రైమరీకే పంపండి. రాతల బరువు మీ సమస్య అయితే రెప్లికా ఎన్ని పెట్టినా తగ్గదు.

ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో మొదలయ్యాక, యాప్ ముంబైలో ఉంచి డేటాబేస్ ఇక్కడికి తెద్దామా అని అడిగేవాళ్లున్నారు. వద్దు. ఒక్కో క్వెరీకి 10 మిల్లీసెకన్లు అదనంగా పడ్డా, 80 క్వెరీలు వేసే పాత పేజీకి 800 మిల్లీసెకన్లు. కదిపితే రెండూ కలిపి కదపండి. విపత్తుల కోసం రెండో రీజియన్‌లో కాపీ ఉంచడం వేరే సంగతి, అది చేయండి.

7. ఒకరి డేటా ఇంకొకరికి కనిపించకుండా

వేగం కోసం చేసే మార్పుల్లోనే లీకులు పుడతాయి. క్యాష్ అంటే మళ్లీ లెక్కగట్టకుండా జవాబులు దాచే చోటు, కీ అంటే అక్కడ ఆ జవాబుకు పెట్టిన పేరు. క్యాష్ కీ 'సేల్స్ రిపోర్ట్, మార్చి' అని ఉందనుకోండి. మొదట తెరిచిన డిస్ట్రిబ్యూటర్ రిపోర్ట్ క్యాష్‌లో కూర్చుంటుంది. రెండో నిమిషంలో అతని పోటీదారు అదే పేజీ తెరుస్తాడు. తర్వాత జరిగే గొడవ ఏ స్లో పేజీ కన్నా పెద్దది.

- క్యాష్ కీ తయారీకి ఒక్కటే ఫంక్షన్ ఉండాలి, అది టెనెంట్ ఐడీ లేకుండా కీ ఇవ్వకూడదు. రెడిస్‌ను (క్యాష్ సాఫ్ట్‌వేర్‌ను) నేరుగా పిలిచే కోడ్‌ను రివ్యూలో ఆపండి.
- క్యూలో వేసే ప్రతి జాబ్‌లో టెనెంట్ ఐడీ తప్పనిసరి.
- పోస్ట్‌గ్రెస్ రో లెవెల్ సెక్యూరిటీ (ఎవరికి ఏ వరుసలు కనిపించాలో డేటాబేసే చూసుకునే నియమం) రెండో గోడగా పెట్టండి. టేబుల్ ఓనర్‌కు అది మామూలుగా వర్తించదు, ఫోర్స్ పెట్టాలి. సూపర్‌యూజర్‌కు ఎలాగూ వర్తించదు, కాబట్టి యాప్ ఆ యూజర్‌తో కనెక్ట్ కాకూడదు.
- పీజీబౌన్సర్ వెనక టెనెంట్‌ను సెట్ లోకల్‌తో, ట్రాన్సాక్షన్ లోపలే పెట్టండి. ఉత్త సెట్ వాడితే ఆ విలువ ఇంకో కస్టమర్ రిక్వెస్ట్‌కు అంటుకోవచ్చు.

8. స్కీమా (టేబుళ్ల నిర్మాణం) మార్పులు

పోస్ట్‌గ్రెస్ 11 నుంచి స్థిరమైన డిఫాల్ట్ విలువతో కాలమ్ చేర్చడానికి టేబుల్ మొత్తం తిరగరాయాల్సిన పని లేదు. అయినా నిర్మాణం మార్చే ఆల్టర్ టేబుల్ కమాండ్ ప్రమాదమే. ఒక పొడవాటి రిపోర్ట్ క్వెరీ నడుస్తుంటే ఆల్టర్ దాని వెనక ఆగుతుంది, ఆల్టర్ వెనక ఆ టేబుల్‌కు వచ్చే ప్రతి క్వెరీ ఆగుతుంది. లాక్ టైమవుట్ 2 సెకన్లు పెట్టి, దొరక్కపోతే కాసేపాగి మళ్లీ ప్రయత్నించేలా రాయండి. మైఎస్‌క్యూఎల్‌లో పెద్ద టేబుళ్లకు జీహెచ్-ఓఎస్టీ లాంటి, పని ఆపకుండా టేబుల్ మార్చే టూల్ వాడండి.

పాత వరుసల్లో టెనెంట్ ఐడీ నింపే పనిని ఒక్కో విడతకు 5,000 వరుసలుగా, మధ్యలో విరామంతో, రెప్లికా ఎంత వెనకబడిందో చూస్తూ చేయండి.

9. టెనెంట్ డైరెక్టరీ

ఇక్కడి నుంచి అసలు పని. ఒక చిన్న టేబుల్, విడి డేటాబేస్‌లో: టెనెంట్ ఐడీ, అది ఉన్న డేటాబేస్ పేరు, స్థితి. స్థితి మూడింటిలో ఒకటి: నడుస్తోంది, చదవడానికి మాత్రమే, ఆపేశాం. మొదట్లో అందరికీ ఒకే డేటాబేస్ పేరు ఉంటుంది, అయినా యాప్ ప్రతి రిక్వెస్ట్‌కూ దీన్ని అడిగే కనెక్ట్ కావాలి. కోడ్‌లో నేరుగా డేటాబేస్‌ను పిలిచే చోట్లు ఇప్పుడే బయటపడతాయి. వాటిలో ఎక్కువ భాగం పాత క్రాన్ స్క్రిప్టుల్లో (నిర్ణీత సమయాలకు వాటంతటవే నడిచేవాటిలో) ఉంటాయి.

ఈ డైరెక్టరీని యాప్ సర్వర్లు 30 సెకన్లు క్యాష్ చేస్తాయనుకుంటే, మార్పిడి తర్వాత 30 సెకన్లు ఏదో ఒక సర్వర్ పాత చోటే రాయడానికి చూస్తుంది. అందుకే అడ్డుకట్ట పాత డేటాబేస్‌లో కూడా ఉండాలి: ఆ టెనెంట్‌కు రాతలను తిప్పికొట్టే ట్రిగ్గర్ లేదా పాలసీ.

సైటస్, విటెస్ లాంటివి (డేటాను చాలా మెషీన్ల మీద పంచే సాఫ్ట్‌వేర్లు) ఎప్పుడు? ఒక్క టెనెంటే ఒక మెషీన్‌కు పట్టనప్పుడు, లేదా డేటాబేస్‌లు చేత్తో చూసుకోలేనన్ని అయినప్పుడు. సైటస్‌లో పంచిన టేబుల్ ప్రైమరీ కీలో టెనెంట్ ఐడీ ఉండి తీరాలి కాబట్టి, పైన చేసిన పని ఏదీ వృథా పోదు. మా కస్టమర్లు రెండు వందలే అనేవాళ్లు అటు చూడనక్కర్లేదు.

10. ఒక కస్టమర్‌ను తరలించడం

మొదట మీ సొంత డెమో టెనెంట్, తర్వాత ఒక చిన్న కస్టమర్, ఆ తర్వాతే లోడ్ ఎక్కువ తెచ్చే చైన్ స్టోర్.

10.1 ఐడీలు ఢీకొనకుండా. రెండు డేటాబేస్‌లూ 1 నుంచి లెక్క మొదలుపెడితే, ఇన్‌వాయిస్ 5012 రెండు చోట్లా ఉంటుంది. ఆ టెనెంట్‌ను వెనక్కి తేవాల్సి వస్తే ఇరుక్కుపోతారు. కొత్త డేటాబేస్ సీక్వెన్స్‌లను (ఐడీలిచ్చే లెక్కలను) లక్ష కోట్ల నుంచి, దాని తర్వాతి దాన్ని రెండు లక్షల కోట్ల నుంచి మొదలుపెట్టండి. ముందు మొబైల్ యాప్‌లో ఐడీని 32 బిట్‌లో దాచిన చోట్లు వెతికి సరిచేయండి.

10.2 కాపీ. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి లాజికల్ రెప్లికేషన్‌లో (మార్పులను వరుసల వారీగా ఇంకో డేటాబేస్‌కు పంపే పద్ధతిలో) వరుసల ఫిల్టర్ ఉంది, ఒక్క టెనెంట్ వరుసలే పంపొచ్చు. అప్‌డేట్‌లు, డిలీట్‌లు కూడా వెళ్లాలంటే ఫిల్టర్‌లో వాడిన కాలమ్ రెప్లికా ఐడెంటిటీలో (ఏ వరుస మారిందో గుర్తుపట్టే కాలమ్‌లలో) ఉండాలి. మామూలుగా అది ప్రైమరీ కీనే, కాబట్టి కీలో టెనెంట్ ఐడీ చేర్చండి, లేదా రెండూ కలిపిన యూనిక్ ఇండెక్స్‌ను ఐడెంటిటీగా చెప్పండి. స్కీమా మార్పులు ఈ దారిలో వెళ్లవు, అందుకని తరలింపు అయ్యేదాకా మైగ్రేషన్లు ఆపండి.

10.3 డేటాబేస్ బయట ఉన్నవి. అప్‌లోడ్ చేసిన ఫైళ్ల దారులు, సెర్చ్ ఇండెక్స్, క్యూలో మిగిలిన జాబ్‌లు, వెబ్‌హుక్‌లు (బయటి సిస్టమ్‌లకు వెళ్లే కబుర్లు).

10.4 సరిచూడటం. టేబుల్ వారీగా వరుసల సంఖ్య సరిపోలితే చాలదు. నెలవారీ ఇన్‌వాయిస్ మొత్తాలు, పన్ను మొత్తాలు రెండు వైపులా పైసాతో సహా కలవాలి. కస్టమర్ చూసేది వాటినే.

10.5 మార్పిడి, ఈ వరుసలోనే:

- స్థితిని 'చదవడానికి మాత్రమే' చేయండి
- నడుస్తున్న జాబ్‌లు అయిపోనివ్వండి, ఆ తర్వాత పాత వైపు రాతల అడ్డుకట్ట వేయండి
- రెప్లికేషన్ వెనకబాటు సున్నా అయ్యేదాకా ఆగండి
- 10.4 లెక్కలు మళ్లీ
- సబ్‌స్క్రిప్షన్ (కొత్త చోట మార్పులు అందుకునే ఏర్పాటు) డిసేబుల్ చేయండి
- డైరెక్టరీలో డేటాబేస్ పేరు మార్చండి, టెనెంట్ క్యాష్ ఖాళీ చేయండి
- ఒక టెస్ట్ యూజర్‌తో బిల్లు తెరిచి చూడండి, రాతలు వదలండి

స్టేజింగ్‌లో రిహార్సల్ చేసి ఉంటే రాతలు ఆగేది కొద్ది నిమిషాలే. వెనక్కి వెళ్లాలంటే రాతలు వదలకముందే నిర్ణయించాలి. కొత్త చోట కస్టమర్ పది బిల్లులు కొట్టాక వెనక్కి తిప్పితే ఆ పదీ పోతాయి. ఈ నిర్ణయం ఎవరిదో ముందే పేరు రాసుకోండి.

10.6 పాత డేటా తొలగింపు. రెండు వారాలు అలాగే ఉంచండి. తొలగించే ముందు సబ్‌స్క్రిప్షన్ డ్రాప్ అయిందో లేదో ఇద్దరు మనుషులు చూడాలి. డిసేబుల్ చేసి వదిలేసి ఉంటే, మళ్లీ ఎవరైనా ఎనేబుల్ చేసిన క్షణాన పాత చోట మీరు కొట్టిన డిలీట్‌లన్నీ కొత్త చోటికి వెళ్లి, బతికున్న కస్టమర్ డేటాను తుడిచేస్తాయి. పాత డేటాబేస్‌లో రెప్లికేషన్ స్లాట్ (ఎక్కడిదాకా పంపామో చెప్పే గుర్తు) మిగిలిందేమో కూడా చూడండి. అది ఉన్నంతకాలం వాల్ ఫైళ్లు (మార్పుల లాగ్) పేరుకుని డిస్క్ నిండుతుంది, మిగతా కస్టమర్లందరూ ఆ డిస్క్ మీదే ఉన్నారు. ఆ తర్వాత విడతలుగా తొలగించి, వాక్యూమ్ నడపండి. ఖాళీ అయిన చోటు చాలామటుకు ఆ టేబుల్‌లోనే కొత్త వరుసలకు మిగులుతుంది. డిస్క్‌లో జాగా వెనక్కి కావాలంటే పీజీ రీప్యాక్ లాంటిది వాడాలి, దానికి కాసేపు ఆ టేబుల్, దాని ఇండెక్స్‌లు కలిపిన సైజుకు దాదాపు రెండింతల ఖాళీ అదనంగా కావాలి.